పేరును రుచియు: బోర్డో మద్యపరీక్షా చరిత్రము

ఒక వస్తువు మంచిదని నిర్ణయించుటకు మనుష్యులు రెండు త్రోవలు త్రొక్కుదురు. అది యెవరి యింటినుండి వచ్చినదని యడుగుట మొదటి త్రోవ. ఆ వస్తువునే చేతబట్టి పరీక్షించుట రెండవ త్రోవ. మొదటిది సులభము. రెండవది శ్రమతో గూడినది. అందు పొరపాటు పడుటకును, పడినమాట నలుగురిలో నొప్పుకొనుటకును సిద్ధపడవలెను. కావుననే లోకములో మొదటి త్రోవయే రాచబాట యైనది. ఈ రెండు త్రోవలకును గల వివాదము మన దేశమున కులమును గూర్చియు పాండిత్యమును గూర్చియు చిరకాలముగా జరుగుచున్నది. ఇదే వివాదము ఫ్రాన్సు దేశమున ఒక విచిత్రమైన విషయములో, అనగా పాతబడిన యెఱ్ఱని ద్రాక్షమద్యము విషయములో, శతాబ్దములనుండి నడచినది. ఆ చరిత్రమును చదువరుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మద్యమును గూర్చి యింత వ్రాయనేల యని కొందఱు శంకింపవచ్చును. శంక సహజమైనదే. త్రాగుడు చెఱచిన కాపురములు మన యూళ్లలో ఎన్ని గలవో లెక్కింపజాలము. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లాలోని దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో అక్షరములు నేర్చి, ఆ యక్షరములు కలిగించిన ధైర్యముతో సారాయిపై తిరుగబడిరి. వారి యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1995 జనవరి 16వ తేదీనుండి సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసెను. ఆ నిషేధము 1997లో సడలింపబడినను, ఆ స్త్రీలు నేర్పిన పాఠము చెఱిగిపోలేదు. మద్యము పుట్టినిల్లని పేరుపొందిన ఫ్రాన్సులో సయితము పదునాలుగేండ్లలోపు బాలురకు పాఠశాల భోజనశాలలలో ద్రాక్షమద్యము పోయుట 1956లో గాని నిషేధింపబడలేదు. మద్యపానము వలన క్యాన్సరు కలుగునని అంతర్జాతీయ పరిశోధకులు 1988లో నిర్ణయించిరి. ఇంత త్రాగిన హానిలేదని చెప్పదగిన పరిమాణ మేదియు లేదని ప్రపంచారోగ్యసంస్థ 2023లో ప్రకటించినది. కావున మేము త్రాగుడును పొగడుటకు కలము పట్టలేదు. విషమును శోధించు వైద్యుడు విషమునకు స్తోత్రపాఠకుడు కాడు. ఇచ్చట మా విచారణకు విషయము మద్యము కాదు, తీర్పు. మనుష్యుని నాలుక యెంతవఱకు నిజము చెప్పును? అతని చెవిలో పడిన పేరు ఆ నాలుకను ఎంతవఱకు లోబఱచుకొనును? ఈ ప్రశ్నలకు బోర్డో చరిత్రము చెప్పినంత స్పష్టమైన యుత్తరము మఱియొకచోట దొరకుట యరుదు.

బోర్డో నగరము ఫ్రాన్సు దేశపు నైరృతి భాగమున, గరోన్ నదీతీరమున ఉన్నది. 1152వ సంవత్సరమున ఆ ప్రాంతమునకు అధికారిణియగు ఎలియనోరు, రెండేండ్ల తరువాత ఇంగ్లండునకు రాజైన హెన్రీని వివాహమాడెను. అది మొదలు 1453వ సంవత్సరము వఱకు, మూడువందల యేండ్లు, బోర్డో ఇంగ్లండు రాజుల యేలుబడిలో నుండెను. ఏటేట ఓడలు పీపాలతో నిండి ఇంగ్లండునకు పోయెడివి. కాని యాకాలపు మద్యము నేటిది కాదు. అది లేతరంగు గలది. ఆ యేటిది ఆ యేడే త్రాగవలసినది. ఆకురాలు కాలమున క్రొత్త పీపాలు దిగగానే, మిగిలియున్న నిరుటి మద్యమునకు ధర పడిపోయెడిది. గాలి సోకిన పీపాలో నది పులిసి చెడుటయే దానికి కారణము. మనకు ప్రాతబియ్యము మేలు, క్రొత్తనెయ్యి మేలు. ఆ కాలపు ద్రాక్షమద్యము నేతివంటిదే కాని బియ్యమువంటిది కాదు.

దానిని బియ్యమువలె మార్చినవి మూడు సామాన్యమైన వస్తువులు. డచ్చి వర్తకులు పీపాలలో గంధకపువత్తిని వెలిగించి, అందలి చెడును అణచు నుపాయమును వ్యాపింపజేసిరి. పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో కట్టెలకు మాఱుగా నేలబొగ్గు మండించిన కొలుములనుండి మందమైన గట్టి గాజుసీసాలు వెలువడెను. వానికి బెండుబిరడా తోడయ్యెను. తరువాతి శతాబ్దమున సీసా పొట్ట తగ్గి, నిలువుగా స్తంభాకారము దాల్చెను. అట్టి సీసాను పండబెట్టి నిలువచేయవచ్చును. పండబెట్టిన సీసాలో బెండు ఎప్పుడును తడిగా నుండి, ఉబ్బి, గాలిని రానీయదు. ఈ సామాన్యమైన యుపాయముతో ద్రాక్షమద్యమునకు ముసలితనము అపాయముగా నుండుట మాని, గౌరవమగుటకు వీలయ్యెను.

ఒక తోటపేరుతో మద్యము ప్రసిద్ధి కెక్కుట కూడ ఆ కాలముననే కలిగెను. బోర్డోలో న్యాయాధిపతియగు ఆర్నో ద పొంతాక్ తన ఓబ్రియోన్ తోటలోని మద్యమును ఇతరులదానిలో కలుపక, ఆ తోటపేరుతోనే లండనునకు పంపెను. 1663 ఏప్రిల్ 10వ తేదీన శామ్యూల్ పీప్స్ అను ఆంగ్లోద్యోగి యొక పానశాలలో దానిని త్రాగి, అట్టి ప్రత్యేకమైన రుచిని అంతకుముందెన్నడు నెఱుగనని తన దినచర్యలో వ్రాసికొనెను. పేరు అతనికి సరిగా వ్రాయుట చేతకాలేదు. రుచిమాత్రము సరిగా తెలిసినది. 1677లో జాన్ లాక్ అను తత్త్వవేత్త ఆ తోటకు స్వయముగా పోయి, పైకి దేనికిని పనికిరానట్లు కనబడు ఇసుక గులకఱాళ్ల నేలను చూచి వింతపడెను. ఎంత ధరకైనను సరే దానినే తెప్పింపుడని ఉత్తరువులు పంపు ధనవంతులైన ఆంగ్లేయుల వలన దాని ధర పెరిగిపోయినదని కూడ అతడు వ్రాసెను. అనుభవమే జ్ఞానమునకు మూలమని తరువాత లోకమునకు బోధించిన మహాశయుడు, ఒక చిన్న తోటలో నిలిచి, రుచివేఱు ధరవేఱు అను సంగతిని అప్పటికే కనిపెట్టెను.

పదునెనిమిదవ శతాబ్దమున బోర్డో మహైశ్వర్యము ననుభవించెను. నదియొడ్డున నేటికిని నిలిచియున్న రాతిభవనములు ఆ కాలమున కట్టినవే. ఆ యైశ్వర్యము ద్రాక్షతోటల నుండి మాత్రమే వచ్చినది కాదు. చక్కెర, కాఫీ, నీలిమందు పండించు కరీబియను దీవుల వర్తకమునుండి వచ్చినది. ఆ దీవులలో పాటుపడినవారు బానిసలు. బోర్డో రేవునుండి బయలుదేరిన ఓడలు లక్షకు పైబడిన ఆఫ్రికా ప్రజలను బంధించి సముద్రము దాటించినవి. పాత మద్యమును పొగడువారు దాని చరిత్రమును చెప్పునపుడు ఈ పుటను తరచుగా విడిచిపెట్టుదురు. మేము విడువజాలము. ఒక వస్తువుయొక్క సౌరభమును వర్ణించునపుడు, ఆ సౌరభమునకు ఎవరు వెలయిచ్చిరో చెప్పుట కూడ పరీక్షలో భాగమే.

ఇక సీసాలో జరుగు మార్పు ఎట్టిదో తెలిసికొందము. ఎఱ్ఱని ద్రాక్షమద్యమునకు రంగును ఒగరును పండుతొక్కనుండి వచ్చును. గింజలును, నిలువచేసిన సిందూరపు కఱ్ఱపీపాలును ఆ ఒగరును హెచ్చించును. ఒగరనునది పాశ్చాత్యులు చాల మాటలతో వివరింపవలసి వచ్చిన గుణము. షడ్రుచులలో దానికి స్థానమిచ్చిన మనకు ఆ కష్టము లేదు. పచ్చివక్కను, కరక్కాయను కొఱికినవారికి నాలుక ఎండి పట్టుకొనునట్టి యా గుణము వేఱుగ చెప్పనక్కఱలేదు. క్రొత్త బోర్డో మద్యములో ఈ ఒగరు ఘాటుగా నుండును. ఏండ్లు గడచినకొలది ఒగరు రేణువులు ఒండొంటితోను రంగు రేణువులతోను కలిసి పెద్దవై, బరువెక్కి, మడ్డియై యడుగున దిగును. పైనున్నది తేటయై మెత్తబడును. 1863లో మూడవ నెపోలియను చక్రవర్తి కోరగా ద్రాక్షమద్యపు రోగములను శోధించిన లూయీ పాశ్చరు, 1866లో ప్రకటించిన గ్రంథమున, మద్యము ముదురుటలో గాలియందలి ప్రాణవాయువునకు గల పాత్రను గాజుగొట్టములతో పరీక్షచేసి చూపెను. గాలి విస్తారమైనచో మద్యము చెడును. మిక్కిలి స్వల్పముగా, మిక్కిలి నెమ్మదిగా తగిలినచో పక్వమగును. మనుష్యునకు కష్టములును ఇంతియే కదా!

కాని ముదుసలితన మెల్ల పక్వత కాదు. లోకములో తయారగు ద్రాక్షమద్యములో అత్యధికభాగము కొన్ని యేండ్లలోనే త్రాగదగినది, ఉంచినకొలది నిస్సారమగును. దశాబ్దములు నిలుచునట్టిది అందులో మిక్కిలి స్వల్పము. ఒగరును, పులుపును, పండురుచియు మూడును మొదటనే సమృద్ధిగా నున్నదే నిలుచును. ఒగరొక్కటియే యుండి పండురుచి లేనిచో, ఆ ఒగరు విడుచునప్పటికి రుచియును విడిచిపోవును.

పాత సీసాను పరీక్షించు విధానము మిక్కిలి శ్రద్ధతో గూడినది. మొదట సీసాను తెరువకముందే చూడవలెను. మెడలో మద్యము ఎంతవఱకు దిగినది? ఏబదియేండ్ల సీసాలో కొంత దిగుట సహజము. భుజము క్రిందికి దిగినచో గాలి చొరబడినదని శంకింపవలెను. పిదప సీసాను ఒకదినమైనను నిలువుగా నుంచి మడ్డి యడుగునకు దిగనిత్తురు. బిరడా మెత్తబడి యుండును గావున దానిని మెల్లమెల్లగా లాగుదురు. అటుపిమ్మట సీసామెడ వెనుక దీపము వెలిగించి, వేఱొక గాజుపాత్రలోనికి సన్నని ధారగా వంచుదురు. దీపపు వెలుగులో మడ్డి మెడకు రాగానే నిలిపివేయుదురు. మన యిండ్లలో నేతిని, కషాయమును తేర్చువారికి ఈ పని వింతకాదు.

తరువాత చూపు. తెల్లని గుడ్డకెదురుగా గ్లాసును వంచి, నడిమి రంగును అంచు రంగును చూతురు. క్రొత్తది నేరేడుపండు రసమువలె నీలిఛాయ గలిగి యుండును. పాతది దానిమ్మగింజ రంగునుండి యిటుకరంగునకు తిరిగి, అంచున తేనెఛాయ దాల్చును. అటుపై వాసన. మొదట గ్లాసును కదపక, తరువాత కదపి, రెండుమాఱులు మూర్కొందురు. క్రొత్తదానిలో పండ్ల వాసన ముందుండును. పాతదానిలో ఆ వాసన వెనుకకు తగ్గి, దేవదారు చెక్క, పొగాకు, ఎండుటాకులు, తోలు, వానకు తడిసిన మన్ను, ఇట్టివానిని జ్ఞప్తికి తెచ్చు వాసనలు ఒకదాని వెంట నొకటి పొడసూపును. బిరడాలోని బూజువలన పుట్టు దోషమొకటి గలదు. తడిసిన అట్టపెట్టెవలె కంపుకొట్టును. దానికి కారణమైన రసాయనపదార్థమును స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1982లో కనిపెట్టిరి. ఎంత గొప్పపేరు గల సీసాకైనను ఈ దోషము రావచ్చును.

కడపట రుచి. చిన్న గుటికెడు నోటబట్టి, పెదవుల నడుమనుండి గాలి పీల్చుచు, నాలుక నంతటను త్రిప్పుదురు. ఒగరు పట్టువలె నున్నదా, గరుకుగా నున్నదా? పులుపు రుచిని నిలుపుచున్నదా, కోయుచున్నదా? పిదప రుచి ఎంతసేపు నిలుచునో లెక్కింతురు. ఒక్కొక్క క్షణమును ఫ్రెంచివారు కోదలీ యందురు; తోకయని అర్థమిచ్చు లాటిను మాటనుండి యది పుట్టినది. రుచికి తోక యెంత పొడవో అంత గొప్పయని వారి మతము. ఇంతచేసి పరీక్షకుడేమి చేయునో చదువరులు ఊహింపగలరా? ఉమ్మివేయును! ఉదయముననే డెబ్బదియెనుబది రకములను పరీక్షింపవలసిన వృత్తివానికి మ్రింగుట సాధ్యము కాదు; మ్రింగినచో తీర్పు చెడును. మద్యమును బాగుగా నెఱిగినవాడు దానిని త్రాగనివాడే యగుచున్నాడు. మత్తు ఒకవైపును, తెలివి మఱియొకవైపును నిలుచునని యిందుకంటె నిదర్శన మేమి కావలెను?

ఇంత సూక్ష్మమైన పరీక్షావిధానము గల దేశములో మద్యములకు తరగతులు ఎట్లేర్పడినవి? పరీక్షవలన కాదు. 1855లో మూడవ నెపోలియను చక్రవర్తి పారిసులో సర్వదేశ ప్రదర్శనమును జరిపించెను. అందుకొఱకు బోర్డో వర్తకసంఘము, ఉత్తమమైన మద్యముల పట్టికను తయారుచేయుడని నగరములోని దళారులను కోరెను. కొద్దిదినములలో, ఏప్రిల్ 18వ తేదీన, వారు పట్టిక నిచ్చిరి. ఎఱ్ఱని మద్యములు అయిదు తరగతులుగా విభజింపబడెను. లాఫీత్, లాటూర్, మార్గో, ఓబ్రియోన్ అను నాలుగు తోటలు మొదటి తరగతికెక్కెను. దీనికొఱకు ప్రత్యేకమైన రుచిపరీక్ష జరుగలేదు. అనేక సంవత్సరములుగా ఏ తోట మద్యము ఏ ధరకు అమ్ముడుపోయినదో చూచి, ఆ ధరల వరుసనే తరగతుల వరుసగా వ్రాసిరి. అంతకు అఱువదియెనిమిదేండ్లకు ముందే, 1787 మేనెలలో బోర్డోకు వచ్చిన అమెరికా రాయబారి థామస్ జెఫర్సన్ సయితము ఈ నాలుగు తోటలనే యగ్రస్థానమున వ్రాసికొనెను.

న్యాయముగ చెప్పవలెనన్న, దళారులు చేసినది కేవల మవివేకము కాదు. నూఱేండ్ల ధరలలో వేలకొలది కొనుగోలుదారుల నాలుకల తీర్పు ఇమిడియుండును. చిక్కు తరువాత వచ్చినది. రుచినిబట్టి ధరయు, ధరనుబట్టి తరగతియు ఏర్పడగా, అది మొదలు తరగతినిబట్టి ధర యేర్పడసాగెను. కార్యము కారణమై కూర్చుండెను. పట్టిక వ్రాసినవారు దానిని శాశ్వతశాసనముగా తలపెట్టలేదు. లోకము దానిని శాసనముగా గైకొనెను. ఆ సంవత్సరమే కాంతమెర్ల్ తోటను చేర్చుటయు, 1973లో రెండవ తరగతిలోని మూటోన్ తోటను మొదటి తరగతికి ఎక్కించుటయు తప్ప వరుసలో మార్పు జరుగలేదు. ఆ రెండవ మార్పునకు మూటోన్ యజమాని యగు ఫిలిప్ ద రోత్‌షిల్డు దశాబ్దములు పాటుపడవలసివచ్చెను. కడకు వ్యవసాయమంత్రి యగు జాక్ షిరాక్ చేవ్రాలుచేసెను.

ఈ నడుమ తరగతులు మాఱకున్నను తోటలు మాఱిపోయినవి. అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా అను సూక్ష్మమైన పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్లను తిని నాశనము చేసెను. మోంపెల్యే నగరపు ప్లాంషోన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మఱియిద్దఱితో గలిసి 1868లో ఆ పురుగును కనిపెట్టెను. అమెరికా ద్రాక్ష వేళ్లను ఆ పురుగు చంపజాలదు గావున, కడకు ఫ్రెంచి తీగను అమెరికా వేరునకు అంటుకట్టుటయే మందయ్యెను. కులగౌరవము చెప్పుకొను మహాద్రాక్షలు నేడు పరదేశపు వేళ్లపై బ్రదుకుచున్నవి. అంతేకాదు. 1855 తరగతి నేలకు గాక తోటపేరునకు అంటుకొని యున్నది. యజమాని తన గ్రామపరిధిలో పొరుగు నేలను కొని కలుపుకొనినను, ఉన్న నేలను అమ్ముకొనినను తరగతి తఱుగదు, పెరుగదు. వేరు మాఱినది, నేల మాఱినది, యజమాని మాఱినాడు, పేరుమాత్రము మాఱలేదు. వంశగౌరవమనునది యెట్టిదో తెలిసికొనుటకు మన మింత దూరము రానక్కఱలేదు గాని, దూరపు దర్పణములో మన ముఖము స్పష్టముగా కనబడును.

దిద్దుకొను తరగతులు మేలు కదా యని యడుగవచ్చును. పొరుగుననున్న సెంతెమిలియోన్ గ్రామమువారు 1955లో వేఱొక పట్టిక నేర్పఱచి, సుమారు పదేండ్ల కొకమాఱు దిద్దవలెనని నియమించుకొనిరి. 2006లో దిద్దినప్పుడు దిగిపోయినవారు న్యాయస్థానముల కెక్కిరి. ఆ పట్టిక రద్దయ్యెను. 2022 పట్టికకు ముందు అగ్రస్థానమున నున్న ఓజోన్, షెవల్ బ్లాన్ అను తోటలును, తరువాత ఆంజెలూస్ అను తోటయు తామై తప్పుకొనెను. దిద్దని పట్టిక యబద్ధమగును. దిద్దిన పట్టిక వ్యాజ్యమగును. మఱియొక పొరుగైన పొమెరోల్ గ్రామమున తరగతులే లేవు. అయినను అచ్చటి పెట్రూస్ మద్యము లోకములో అత్యధికమైన వెలగలవానిలో నొకటి. తరగతి లేకున్నను గుణము తెలియకపోదని దీనివలన ఏర్పడుచున్నది.

పేరును దాచి రుచిచూచినచో నేమగును? 1976 మే 24వ తేదీన పారిసులో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్ల వర్తకుడు ఈ పరీక్ష చేసెను. తొమ్మండుగురు ఫ్రెంచి పరీక్షకులకు కాలిఫోర్నియా మద్యములను ఫ్రెంచి మద్యములను పేరుచూపక పోసి, ఇరువదికి మార్కులు వేయుమనెను. ఫ్రెంచివి నెగ్గుననియే యందఱును తలచిరి. ఎఱ్ఱనివానిలో 1973వ సంవత్సరపు స్టాగ్స్ లీప్ అను కాలిఫోర్నియా మద్యము మొదటిదయ్యెను. 1970 మూటోన్ రెండవదయ్యెను. భేదము స్వల్పమే. కాని ఆ స్వల్పభేదమే పెద్ద కోటను కూల్చెను. పరీక్షకులలో నొకరైన యొక ప్రసిద్ధ మద్యపత్రికా సంపాదకురాలు, ఓదెత్ కాన్, తన మార్కుల కాగితమును తిరిగి యిమ్మని కోరెను.

అప్పుడు ఫ్రెంచివారు చెప్పిన సమాధానము ఆలోచింపదగినదే. మా మద్యము పాతబడినగాని తన గుణమును చూపదు, లేతవయసున పోటీపెట్టుట న్యాయము కాదని వారనిరి. ముప్పదియేండ్లు గడచినవి. 2006 మే 24వ తేదీన లండనులోను కాలిఫోర్నియాలోని నాపాలోను ఒకేనాడు ఆ మద్యములే, ఇప్పుడు ముదిసినవి, మరల పరీక్షకు వచ్చెను. 1971 రిడ్జ్ మోంటె బెల్లో అను కాలిఫోర్నియా మద్యము మొదటిదయ్యెను. మొదటి యైదుస్థానములును కాలిఫోర్నియావే. కాలమును సాక్షిగా పిలిచినవారికి కాలమే యెదురుసాక్ష్యము చెప్పెను.

అట్లని పేరుదాచిన పరీక్షను దైవవాక్యముగా గొనరాదు. పరీక్షకుని కూడ పరీక్షింపవలెను. బోర్డో పరిశోధకులు 2001లో ప్రకటించిన పరీక్షలో, తెల్లని ద్రాక్షమద్యమునకు వాసనలేని యెఱ్ఱరంగు కలిపి మద్యశాస్త్రము చదువు ఏబదినలుగురికి ఇచ్చిరి. వారు దానిని ఎఱ్ఱని మద్యమునకు వాడు మాటలతోనే వర్ణించిరి. కన్ను చెప్పినది ముక్కు నమ్మినది. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒకే మద్యమును ఒకమాఱు పది డాలర్లదనియు, ఒకమాఱు తొంబది డాలర్లదనియు చెప్పి యిచ్చి, త్రాగువారి మెదడును యంత్రముతో పరిశీలించిరి. ఎక్కువ ధర చెప్పినపుడు సంతోషమును తెలుపు మెదడుభాగము నిజముగనే ఎక్కువగ పనిచేసెను. వారు అబద్ధమాడలేదు, వారి నాలుకకే ధర రుచించినది. ఆ సంవత్సరమే రాబర్ట్ హాడ్జ్‌సన్ అను పరిశోధకుడు కాలిఫోర్నియా ప్రదర్శన పోటీల ఫలితములను ప్రకటించెను. పరీక్షకులకు తెలియకుండ ఒకే సీసాలోని మద్యమును మూడుమాఱు లిచ్చి చూడగా, మూడుమాఱులును ఇంచుమించుగ నొకే తీర్పు చెప్పినవారు పదిమందిలో నొక్కరు. నలుగురు కలిసి పలుమాఱులు చూచి చెప్పిన తీర్పునకే విలువ గాని, ఒక్కడు ఒక్కమాఱు ఉఱిమి చెప్పిన తీర్పునకు విలువ స్వల్పమని దీనివలన తేలుచున్నది.

పేరునకు లొంగుట యెంత ఖరీదైన దాస్యమో చూడుడు. 1985 డిసెంబరు 5వ తేదీన లండనులో నొక పాత సీసా వేలమునకు వచ్చెను. 1787వ సంవత్సరపు లాఫీత్ అని చెప్పబడెను. గాజుపై జెఫర్సను పేరిటి పొడియక్షరములు చెక్కబడి యుండెను. ఒక లక్షా అయిదువేల పౌనులకు అది యమ్ముడుపోయెను. ఆ యక్షరములు జెఫర్సనువని చూపు నాధారము అతని లెక్కపుస్తకములలో దొరకలేదు. అట్టి సీసాలనే కొనిన మఱియొక ధనవంతుడు అక్షరములు నవీనయంత్రముతో చెక్కినవని పరిశోధింపించి, 2006లో వ్యాజ్యము వేసెను. అమ్మినవాడు ఆరోపణను కాదనెను. అణ్వస్త్రయుగమునకు ముందు లేని సీజియం రేణువులను, సీసా తెరువకయే లెక్కించు విధానమును బోర్డో భౌతికశాస్త్రజ్ఞు డొకడు కనిపెట్టియుండెను. కాని యది మద్యము 1945కు ముందుదో తరువాతిదో చెప్పును; ఎవరి నేలమాళిగలోనిదో చెప్పజాలదు. మఱియొక సంగతిలో సందేహమే లేదు. రూడీ కుర్నియావాన్ అనునతడు తన యింట సామాన్యమైన మద్యములను కలిపి, పాత పేరుకాగితములు ముద్రించి అంటించి, అమెరికా ధనికులకు అమ్మెను. 2013లో న్యూయార్కు న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించి, మఱుసటియేట పదేండ్ల చెఱసాల విధించెను. అతని మిశ్రమములను మెచ్చుకొనినవారు నాలుకలేనివారు కారు. కాగితమును చదివిన పిమ్మట నాలుకను అడుగుట మానినవారు.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన దిది. పేరు కేవలము పనికిమాలినది కాదు. ఎక్కడ వెదుకవలెనో యది చూపును. వెదకినచోట వస్తువు గలదో లేదో యది చెప్పదు. తెలివిగల పరీక్షకులు మొదట ముసుగుతో రుచిచూచి, తీర్పును వ్రాసి, కాగితమును మడిచిపెట్టి, పిదప ముసుగు తీయుదురు. అప్పుడు తోట చరిత్రమును ఆ యేటి వానయెండలను తమ తీర్పుతో సరిచూచుకొందురు. వరుస మాఱినచో మాఱినదే. ముందు వ్రాసినదానిని వారు దిద్దరు. గుణము ముందు, పేరు తరువాత. ఈ వరుసను తలక్రిందు చేసిననాడు పరీక్ష పూజ యగును.

మన యిండ్లలో ద్రాక్షమద్యపు సీసాలు లేవు. ఉండవలెనని మేము కోరము. కాని తీర్పు చెప్పవలసిన వస్తువులు ప్రతిదినమును మన ముందునకు వచ్చుచున్నవి. పిల్లలను బడిలో వేయునపుడు, కూతునకు సంబంధము చూచునపుడు, వైద్యుని నెన్నుకొనునపుడు, పుస్తకమును మెచ్చునపుడు, మనము సీసాను చూచుచున్నామా, కాగితమును చూచుచున్నామా? 1855లో కొద్దిదినములలో వ్రాసిన పట్టికను నూటడెబ్బది యేండ్లకు పిదపను దాదాపుగ మార్చజాలకున్న ఫ్రెంచివారిని చూచి నవ్వుటకు ముందు, ఎవరెప్పుడు వ్రాసిరో తెలియని పట్టికలు మన గడపలలో ఎన్ని వ్రేలాడుచున్నవో లెక్కించుకొనుట మంచిది. వానినన్నిటిని ఒక్కనాడే చించివేయుడని మేము చెప్పుటలేదు. ఒక్కొక్కదానిని దింపి, పేరున్నచోట గుడ్డకప్పి, లోనున్నదానిని పరీక్షింపుడని మాత్రము చెప్పుచున్నాము.